గిన్నెలో ఉండగానే మళ్లీ ఏడుస్తున్నాడు: మా పండుకి అది నిజంగా ఆకలేనా?

హైదరాబాద్ నల్లకుంట నుంచి ఒక పాఠకురాలు మూడు పేజీల ఉత్తరం రాశారు. ఇంట్లో ఆమె, భర్త, ఏడో తరగతి చదివే కొడుకు, అత్తగారు, పండు. పండు అయిదేళ్ల నాటు మగ పిల్లి. ఏడాది వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. మూడో అంతస్తు ఫ్లాటు దాటి బయటికి పోడు. ఇప్పుడు బరువు 6.2 కిలోలు. తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలుపెట్టి రాత్రి పడుకునేదాకా తిండి కోసం అరుస్తూనే ఉంటాడు, కాళ్లకు చుట్టుకుంటాడు, వంటగట్టు ఎక్కుతాడు. పోయిన నెల పప్పు గిన్నె బోర్లించాడు. చీకట్లో వంటింట్లోకి వస్తున్న అత్తగారి కాళ్లకు అడ్డం పడితే ఆవిడ తూలి గోడ పట్టుకున్నారు.

పెట్టేది తక్కువేమీ కాదని ఆమె లెక్క కూడా రాశారు. పొద్దున పిల్లుల తడి తిండి (వెట్ ఫుడ్) పౌచ్ ఒకటి. గిన్నెలో పగలంతా డ్రై ఫుడ్. పాల ప్యాకెట్ కత్తిరించగానే అత్తగారు పోసే పాలు, మధ్యాహ్నం నెయ్యి కలిపిన పప్పన్నం రెండు ముద్దలు. స్కూలు నుంచి వచ్చిన అబ్బాయి పెట్టే రెండు మారీ బిస్కెట్లు. అమెరికా షిఫ్టు ముగించుకుని రాత్రి రెండున్నరకి ఇల్లు చేరే భర్త, నోరు మూయించడానికి వేసే గుప్పెడు డ్రై ఫుడ్. ఆదివారం రాంనగర్ మార్కెట్ నుంచి తెచ్చిన చేపల తలలు.

డాక్టరు తిండి తగ్గించమంటే ఒక్కసారిగా సగం చేశారు. రెండు రాత్రులు ఇల్లంతా నిద్ర లేదు. మూడో రోజు అత్తగారు, “మూగజీవి ఏడుస్తుంటే నాకు ముద్ద దిగదమ్మా” అని కన్నీళ్లు పెట్టుకున్నారు. అంతే, మళ్లీ మామూలే. భర్త మాత్రం, “ఇంకో నెల చూస్తా, తర్వాత తీసుకెళ్లి చేపల మార్కెట్లో వదిలేస్తా, అక్కడ కావలసినంత తింటాడు” అంటున్నారు. “వాడికి నిజంగా ఆకలా? మేమే పస్తు పెడుతున్నామా? నేనెవరి మాట వినాలి?” అన్నది ఆమె ప్రశ్న.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. “మూడు నెలల కింద ఒళ్లంతా గోక్కుంటుంటే ఇంజెక్షన్ చేయించాం, దురద తగ్గింది, ఈ అరుపులు మాత్రం అప్పట్నుంచి మరీ ఎక్కువయ్యాయి” అని రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను మొదలుపెట్టేది అక్కడే.

పిల్లుల్లో దురదకు స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడం మామూలే. అందులో నెమ్మదిగా విడుదలయ్యే రకం ఒకటుంది. ఒక్క సూది ప్రభావం వారాల తరబడి నిలుస్తుంది. దురద బాగా తగ్గిస్తుంది, దాంతోపాటు ఆకలినీ దాహాన్నీ పెంచుతుంది. లావుగా ఉన్న మగ పిల్లులకు మధుమేహం వచ్చే అవకాశం మామూలుగానే ఎక్కువ, స్టిరాయిడ్ దాన్ని ఇంకొంచెం ముందుకు తోస్తుంది. మీ పండుకి ఇచ్చింది అదేనని నేను అనడం లేదు. ఏ మందు ఇచ్చారో, ఎన్నిసార్లు ఇచ్చారో మీ డాక్టరు చీటీలో ఉంటుంది. అది చూడకుండా “తిండిపోతు” అని తేల్చేయడం వాడికి అన్యాయం.

అసలు దురద ఎందుకొచ్చిందన్నది దానికి జోడు ప్రశ్న. తోక మొదట్లో, మెడ వెనక బొచ్చు పాయ తీసి చూడండి. నల్ల పొడిలాంటిది కనిపిస్తే కొంచెం తీసి తడి దూది మీద రుద్దండి. ఎర్రగా మరక అంటితే అది బొచ్చులో ఉండి రక్తం పీల్చే ఫ్లీ పురుగుల రెట్ట, అంటే జీర్ణమైన రక్తం. ఒళ్లు నాక్కుంటూ పిల్లి ఆ పురుగును మింగితే కడుపులో బద్దె పురుగు పెరుగుతుంది. తోక కింద, పడుకున్న గుడ్డ మీద ఎండిన బియ్యపు నూకల్లాంటివి కనిపిస్తే అవి దాని ముక్కలే. ఇంట్లోంచి కదలని పిల్లికి ఎలా వస్తాయంటారేమో, మన చెప్పులతో, బట్టలతో కూడా ఫ్లీలు వస్తాయి. నులిపురుగుల మందు వేసి ఏడాది దాటిందన్నారు కాబట్టి అదీ వేయించండి. ఏలిక పాములకు వేసే మందుతో బద్దె పురుగు చావదు, దానికి ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు కావాలి. మందు మోతాదు తూకాన్ని బట్టి డాక్టరే చెప్పాలి. ఫ్లీల కోసం మాత్రం కుక్కలకు వాడే చుక్కల మందు పొరపాటున కూడా వేయకండి. వాటిలో కొన్నింట్లో ఉండే పర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకం.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు రక్తంలో చక్కెర, మూత్రం చూడమని అడగండి. భయపడిన పిల్లికి ఆసుపత్రి బల్ల మీద చక్కెర దానంతటదే పెరుగుతుంది. అందుకని ఒక్క సంఖ్య చూసి కంగారు పడొద్దు. అనుమానముంటే గత రెండు మూడు వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమీన్ పరీక్ష ఉంది. ఎంత తిన్నా చిక్కిపోతుండటం, నీళ్లు ఎక్కువ తాగడం, మలమూత్రాల మట్టి పెట్టె (లిట్టర్)‌లో మూత్రం గడ్డలు పెద్దవి కావడం, ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. పదేళ్లు దాటిన పిల్లి ఇలా తింటూ చిక్కితే ముందు థైరాయిడ్ చూస్తారు. పండు వయసుకి, పెరుగుతున్న బరువుకి అది సరిపోదు. ప్రైవేటులో ఖర్చెక్కువ అనుకుంటే నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. మీ ఇంటి నుంచి నారాయణగూడ దగ్గర.

పరీక్షల్లో ఏమీ తేలలేదనుకుందాం. అప్పుడు ఆకలి లెక్క చూడాలి.

పండు ఎంత బరువుండాలో డాక్టరు తడిమి చెప్పాలి. లెక్క కోసం 5 కిలోలు అనుకుందాం. బరువును 30తో గుణించి 70 కలిపితే, కదలకుండా పడుకున్నా ఒంటికి రోజూ కావలసిన కేలరీలు వస్తాయి: 220. ఆపరేషన్ అయి ఇంట్లోనే ఉండే పిల్లికి దానికి అయిదో వంతు కలిపితే చాలు, అంటే 264. ఇప్పుడు మీరు రాసినవి కూడదాం. పౌచ్‌లో సుమారు 65. గిన్నెలోది రోజుకు 40 గ్రాములనుకుంటే 150. వెన్న తీయని పాలు 100 మిల్లీలీటర్లకు 85. పప్పన్నం నెయ్యితో కలిపి 80. బిస్కెట్లు రెండూ 45. మీవారి గుప్పెడు తూస్తే 25 గ్రాములైనా ఉంటుంది, అదొక 95. మొత్తం 520. చేప తలలు ఇందులో కలపలేదు. మీరు వాణ్ణి పస్తు పెట్టడం లేదమ్మా, ఇద్దరి తిండి పెడుతున్నారు. మీ అబ్బాయి ఇచ్చే ఒక్క మారీ బిస్కెట్, ఆ ఒంటికి రోజు తిండిలో పదో వంతు. మనకు ఎనిమిదో తొమ్మిదో బిస్కెట్లు ఒకేసారి తిన్నట్టు.

మరి అంత తిని ఎందుకు ఏడుస్తాడు? ఆపరేషన్ తర్వాత పిల్లికి కావలసిన శక్తి తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. ఇది ఒళ్లు చేసే పని, వాడి దురాశ కాదు. రెండోది, మీ ఇంట్లో ఏడుపుకి ఫలితం ఉంది. ఒకరి దగ్గర దొరక్కపోతే ఇంకొకరి దగ్గర దొరుకుతుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియనప్పుడు ఏ జంతువైనా ఇంకా పట్టుదలగా అడుగుతుంది. మీరు రెండు రాత్రులు ఓర్చుకుని మూడో రోజు పెట్టేసరికి, రెండు రాత్రులు ఏడిస్తే పని అవుతుందని పండు నేర్చుకున్నాడు. నాలుగున్నర కథ కూడా ఇదే. రెండున్నరకి మీవారి తలుపు చప్పుడుతో ఒక గుప్పెడు, అయిదింటికి కత్తెర పాల ప్యాకెట్ మూల కత్తిరించిన చప్పుడుతో గిన్నెలో పాలు. ఆ రెంటి మధ్య వాడు నిద్రపోవాలని మనం అనుకుంటాం, వాడు కాపలా కాస్తాడు. పైగా పిల్లి సహజంగా వేటాడేది తెల్లవారుజామునా, సందె వేళా.

మూడోది విసుగు. అరిచినప్పుడు వెంటనే గిన్నె వైపు పోకుండా ఒక తాడు ముక్క నేల మీద ఈడుస్తూ అయిదు నిమిషాలు ఆడించి చూడండి. ఆ తర్వాత కాళ్లు చాపి పడుకున్నాడంటే అడిగింది తిండి కాదు. గిన్నె దగ్గరికి తీసుకెళ్లాక రెండు పలుకులు కొరికి మళ్లీ మీ వెనకే వస్తే కూడా అంతే. మనం ప్రతి మ్యావ్‌కూ తిండితోనే జవాబు చెబుతుంటే, వాడికి మనతో మాట్లాడే దారి అదొక్కటే మిగులుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఏమీ మార్చకుండా ఇలాగే సాగనివ్వడం ఒకటి. అత్తయ్యగారి మనసు నొచ్చదు. కానీ బరువు పెరుగుతుంది, కీళ్లు, చక్కెర, మూత్రం సమస్యలు దగ్గరవుతాయి, అరుపులు తగ్గవు కూడా. ఇప్పటికే 520 కేలరీలు తిని అరుస్తున్నవాడు 600 తిన్నా అరుస్తాడు.

రెండోది, మీరు చేసినట్టు ఒక్కసారిగా కోసేయడం. నేను వద్దంటాను. లావు పిల్లి రెండు మూడు రోజులు సరిగ్గా తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి ప్రాణం మీదికి రావచ్చు. తగ్గించే రోజుల్లో పండు అలిగి 24 గంటలు ఏమీ ముట్టకపోతే “ఆకలేస్తే వాడే తింటాడు” అని చూస్తూ కూర్చోకండి, డాక్టరుకి చూపించండి.

మూడోది నెమ్మదిగా, నాలుగు వారాల్లో 220 దగ్గరికి దిగడం. మొదటి వారం బిస్కెట్లు ఆపి, మీవారి గుప్పెడును 8 గ్రాములు చేయండి. రెండో వారం పాలలో రోజురోజుకీ నీళ్లు పెంచుతూ వారం చివరికి ఉత్త నీళ్లు చేయండి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, మీరు రాసిన పల్చటి విరేచనాలకు అదీ కారణం కావచ్చు. మూడో వారం పప్పన్నం బదులు ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్ 15 గ్రాములు, సుమారు 25 కేలరీలు. పోపులో ఉల్లి, వెల్లుల్లి పడితే పప్పు పిల్లికి విషమే, ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. కాబట్టి ఈ ఒక్క మార్పు మాత్రం బరువుతో సంబంధం లేకుండా ఇవాళే చేయొచ్చు. నాలుగో వారానికి ఒక పౌచ్, ఆ చికెన్, 34 గ్రాముల డ్రై ఫుడ్ మిగులుతాయి. డ్రై ఫుడ్ ప్యాకెట్ వెనక 100 గ్రాములకు ఎన్ని కేలరీలో ఉంటుంది, ఎక్కువ రకాల్లో 350 నుంచి 400 మధ్య. మీదాన్ని చూసి గ్రాములు సరిచేసుకోండి. గ్లాసుతో, చెంచాతో కొలవకండి. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా కొనండి. అయిదు గ్రాములు కంటికి తెలియదు, పండు రోజులో అది పన్నెండో వంతు.

ఖర్చు పెట్టగలిగితే డ్రై ఫుడ్ ఇంకా తగ్గించి రెండో పౌచ్ పెట్టండి. ఒక పౌచ్ నింపే పొట్టను డ్రై ఫుడ్‌తో నింపాలంటే చాలా ఎక్కువ కేలరీలు పోయాలి. నీళ్లు కూడా లోపలికి పోతాయి, మన ఎండల్లో అదొక మేలు. కాకపోతే మే నెలలో వెట్ ఫుడ్ అరగంటకు మించి బయట ఉంచకూడదు. సగం ఫ్రిజ్‌లో పెట్టి, సాయంత్రం ఆ గిన్నెను గోరువెచ్చని నీళ్లలో నిలబెడితే వాసన లేచి ఇష్టంగా తింటాడు. మొత్తం ఇంటి వంటకే మారదామన్న ఆలోచన ఉంటే ఆపండి. ఉత్త చికెన్ అన్నంలో కాల్షియం చాలదు, పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం సరిపోదు. టారిన్ లోటు పిల్లి గుండెనూ కళ్లనూ దెబ్బతీస్తుంది. చేప తలలు పచ్చివి వద్దు, ముళ్లూ వద్దు. ఉడికించిన కండ ఒక ముక్క చాలు, ఆ రోజు చికెన్ మానేయండి.

ఈ 34 గ్రాములు ఎవరు పెట్టాలి అన్నది గ్రాముల కంటే పెద్ద ప్రశ్న. అత్తయ్యగారిని పెట్టొద్దంటే ఏమవుతుందో మీకు తెలుసు. మీరు బయటికి వెళ్లగానే ముద్ద పడుతుంది, ఇంట్లో మాటా మాటా పెరుగుతుంది. నా సలహా, ఆ పని ఆవిడకే అప్పగించండి. రాత్రి భోజనాలయ్యాక మర్నాటి డ్రై ఫుడ్ కాటా మీద తూచి ఒక చిన్న స్టీలు డబ్బాలో ఆవిడే పోస్తారు. ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే. ఖాళీ అయితే మర్నాడే. ఆవిడకి ఒక మాట మీరు నెమ్మదిగా చూపించగలరు. పండు పక్కటెముకల మీద చెయ్యి వేయించండి. మన చెయ్యి చాపి పైవైపు, వేళ్ల మొదట్లో తడిమితే ఎముకలు ఎలా తగులుతాయో ఆరోగ్యంగా ఉన్న పిల్లి పక్కటెముకలు అలా తగలాలి. పిడికిలి కణుపుల్లా పొడుచుకొస్తే చిక్కిపోయినట్టు. అరచేతి కండలో వెతుక్కున్నట్టుంటే లావు. ఆవిడ వేళ్లకే తెలిశాక “చిక్కిపోతున్నాడు” అనే భయం సగం పోతుంది. పాలు పోసే వేళ చెయ్యి ఖాళీగా ఉండటం ఆవిడకి కష్టం, అందుకే సగం పౌచ్ ఆ సమయానికి ఉంచండి. ప్యాకెట్ కత్తిరించాక, పాలు పొయ్యి మీద పెట్టి, పండు అరవడం ఆపి కూర్చున్న క్షణంలో పెట్టమనండి. అరుపు మధ్యలో వద్దు. మొదట్లో ఆ మౌనం మూడు సెకన్లే ఉండొచ్చు. అది చాలు.

అబ్బాయికి కోడిగుడ్ల అట్ట ట్రే ఇవ్వండి, ముప్పై గుడ్లది కిరాణా కొట్లో అడిగితే ఇస్తారు. స్కూలు నుంచి రాగానే 8 గ్రాములు ఆ గుంతల్లో ఒకటీ రెండూ పలుకుల చొప్పున చల్లాలి. పండు పంజాతో తోడుకుని, మూతి దూర్చి, గిన్నెలో అర నిమిషంలో మింగేది పది నిమిషాలు తింటాడు. గబగబా మింగి కక్కుకోవడం కూడా తగ్గుతుంది. మొదటి రోజు అర్థం కాక వదిలేస్తే, నాలుగు గుంతల్లోనే వేసి చూపించమనండి.

ఇక నాలుగున్నర. పట్టించుకోకుండా ఉండటం పని చేస్తుంది, అయితే అరుపులు తగ్గేముందు కొన్నాళ్లు ఇంకా పెరుగుతాయి. ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. మధ్యలో ఒక్కరు ఒక్కసారి లేచి పెట్టినా మళ్లీ మొదటికొస్తుంది. మూడింటికి పడుకునే మనిషున్న ఇంట్లో ఇది అందరూ ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలి. దీనికంటే మీకు సులువైనది టైమర్ ఉన్న ఫీడర్. 10 గ్రాములు వేసి నాలుగుంపావుకి పెట్టండి, అంటే అరుపుకి ముందు తెరుచుకోవాలి. వారంలో వాడు మనుషుల్ని వదిలి ఆ డబ్బా ముందు కూర్చుంటాడు. తర్వాత మూడు రోజులకోసారి పది నిమిషాలు ఆలస్యం చేస్తూ అయిదున్నరకి తీసుకెళ్లండి. కరెంటు పోతే ఆగిపోని, బ్యాటరీ ఉన్నది కొనండి. చీమలు పట్టకుండా నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టండి. వానాకాలంలో ఫీడర్‌లో ఏ రోజుకారోజే వేయండి, మెత్తబడితే వాసన పోయి ముట్టడు. మీవారి 8 గ్రాములు తీసేయమని నేను అడగను. ఇంటికి రాగానే తలుపు దగ్గర ఎదురొచ్చే ప్రాణి అది. ఇవ్వనివ్వండి, డబ్బాలోంచి, బట్టలు మార్చుకున్నాక. మిగిలిన 8 గ్రాములు రాత్రి తొమ్మిదికి, అబ్బాయి తాడుతో పది నిమిషాలు పరిగెత్తించిన తర్వాత. ఆడి, తిని, ఒళ్లు నాక్కుని పడుకోవడం పిల్లికి సహజమైన వరస.

తూకం రెండు వారాలకోసారి, ఒకే కాటా మీద. మీరు పండుని ఎత్తుకుని ఎక్కి, తర్వాత ఒక్కరే ఎక్కి తీసివేసే పద్ధతిలో చిన్న తేడాలు తెలియవు. ఆసుపత్రి కాటా మంచిది. వారానికి 30 నుంచి 60 గ్రాములు తగ్గితే సరిగ్గా నడుస్తున్నట్టు. 120 దాటితే తిండి పెంచాలి. ఈ లెక్కన 5 కిలోలకు రావడానికి అయిదు నుంచి పది నెలలు పడుతుంది. ఇది ఇంట్లో అందరికీ ముందే చెప్పండి, లేకపోతే నెల తిరక్కుండానే “తేడా ఏం లేదు” అంటారు.

చేపల మార్కెట్ మాట గురించి. మీవారు నిద్రలేమితో అన్న మాటగానే తీసుకుంటున్నాను. కానీ ఇంట్లో పెరిగిన పిల్లి అక్కడ బతకడం కష్టం. అక్కడి పిల్లులకు హద్దులుంటాయి, కుక్కలుంటాయి, పండుకి రోడ్డు దాటడం తెలియదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం నేరం కూడా. నిజంగా మీ వల్ల కాకపోతే తెలిసిన ఇంటికి, ఈ అలవాట్లన్నీ దాచకుండా చెప్పి ఇవ్వడం గౌరవమైన దారి. కొత్త ఇంట్లోనూ ఇదే కొలత, ఇదే ఓపిక కావాలి. అంటే ఆ పని ఎవరో ఒకరు చేయాల్సిందే.

అత్తయ్యగారు తూలిపడబోయిన సంగతి మాత్రం నెలలు ఆగేది కాదు. హాల్లోంచి వంటింటి దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు ఒకటి పెట్టండి. పండు మెడకి గంట ఉన్న పట్టీ కట్టండి, ఎక్కడైనా తగులుకుంటే దానంతటదే ఊడిపోయే రకం చూసి కొనండి. ఫీడర్‌ను వంటింటికి దూరంగా, బాల్కనీ వైపు పెడితే ఆ వేళకి వాడు ఆవిడ దారిలో ఉండడు. ఆ ఇంజెక్షన్ చీటీ ఈ రాత్రే వెతికి, రేపు డాక్టరుకి ఫోన్ చేసి మందు పేరు కనుక్కోండి.